మూడున్నరకల్లా తారురోడ్డెక్కాలి

నడవడానికి కూడా డబ్బులిస్తారా అని మా తమ్ముడు ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. అమలాపురం దగ్గర మా ఊళ్ళో పుట్టినవాళ్ళంతా నడిచే పెరిగారు, ఎవరూ ఎవరికీ దమ్మిడీ ఇవ్వలేదంటాడు. నిజమే. కానీ డిసెంబరు నెలలో, డెర్బీషైర్ కొండ మీద, పది గజాల అవతల మనిషి కనపడని పొగమంచులో, మొన్ననే గుంటూరు నుంచి దిగిన అత్తమామల్నీ, పార్కులో షికారనుకుని తెల్లబూట్లు వేసుకొచ్చిన కోడల్నీ చీకటి పడేలోపు రైలెక్కించడానికి ఇస్తారు. ఎక్కువ ఇవ్వరనుకోండి. వాన పేరు చెప్పి ముందురోజు రాత్రి మానేసేవాళ్ళు ఎటూ ఉంటారు.

నేనుండేది బర్మింగ్‌హామ్. ఉత్తరానికి పోతే పీక్ డిస్ట్రిక్ట్, దక్షిణానికి పోతే కాట్స్‌వోల్డ్స్. వేసవిలో గుంపుల్ని నడిపించే ఈ పని ఎవరికైనా చేతనవుతుంది. జూన్‌లో పొద్దు కుంకేసరికి రాత్రి తొమ్మిదిన్నర; దారి తప్పినా తాపీగా వెతుక్కోవచ్చు. చలికాలంలో ఆ వెసులుబాటు లేదు. అయినా నన్నడిగితే ఇంగ్లండు పల్లెల్ని చూడాల్సింది నవంబరుకీ మార్చికీ మధ్యనే. బైబరీ అనే ఊళ్ళో ఆర్లింగ్టన్ రో అని ఒక ఇళ్ళ వరస ఉంది. 1380 ప్రాంతంలో ఉన్ని దాచే కొట్టుగా కట్టి, 17వ శతాబ్దంలో నేతగాళ్ళ ఇళ్ళుగా మార్చారు. ఆగస్టులో వెళ్తే ఆ ఇళ్ళకన్నా వాటి ముందు సెల్ఫీ కర్రలే ఎక్కువ కనిపిస్తాయి. జనవరిలో ఒక మంగళవారం పొద్దున్నే వెళ్ళండి. తడిసిన సున్నపురాయి రంగు ముదిరి ఉంటుంది. ఆకులు రాలిన కంచెల వెనక నుంచి వేసవంతా దాక్కున్న గోడలూ, పొలాలూ, పక్క ఊరి చర్చి గోపురమూ బయటపడతాయి. దారి వెతుక్కునేవాళ్ళకి అది సగం బలం.

ఈ విద్య నాకు నేర్పింది ఒక పోస్టావిడ. పీక్ డిస్ట్రిక్ట్‌లోని హోప్ లోయలో ఏళ్ళ తరబడి ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఏ గేటు గొళ్ళెం ఎటు తిరుగుతుందో, ఏ కుక్క అరుస్తుందో, ఏది కరుస్తుందో ఆవిడకి కంఠతా వచ్చు. మొదటి రోజు నన్ను కూర్చోబెట్టి, ఒక పాత కవరు తిరగేసి, అన్నిటికన్నా అడుగున రాసింది: 3.30, హోప్, తారురోడ్డు. దాని పైన: 2.30, ఆఖరి పొలం గేటు. దాని పైన: 1.30, లూజ్ హిల్ నుంచి దిగడం మొదలు. అలా కింద నుంచి పైకి రాసుకుంటూ పోయి, చివరికి పొద్దున రైలు ఎన్నింటికో తేల్చింది. చలికాలం నడకని ఇలాగే తలకిందులుగా రాసుకోవాలి. బయల్దేరే టైము మన ఇష్టం కాదు, పొద్దు చెప్పినట్టు వినాలి.

పొద్దు సంగతి కూడా పైపైన తెలిస్తే చాలదు. డిసెంబరు 21 అన్నిటికన్నా చిన్న రోజని అందరికీ తెలుసు. కానీ పొద్దు అన్నిటికన్నా ముందు కుంకేది డిసెంబరు రెండో వారంలో. పీక్ డిస్ట్రిక్ట్‌లో అప్పుడు మూడూ యాభై కాకముందే అయిపోతుంది. క్రిస్మస్ నాటికి సాయంత్రం అప్పుడే నాలుగైదు నిమిషాలు సాగుతుంది. పొద్దున్న మాత్రం కొత్త సంవత్సరం దాకా ఆలస్యమవుతూనే ఉంటుంది. కాబట్టి క్రిస్మస్ వారంలో నడక పెడితే పొద్దున తొందరపడొద్దు, సాయంత్రం కాస్త మిగులుతుంది. ఇంకో ఊరట, ఇక్కడ మన దగ్గరలా పొద్దు వాలగానే చీకటి కమ్మదు. నలభై నిమిషాల దాకా మసక వెలుతురుంటుంది. ఆ నలభై నిమిషాల్ని లెక్కలో వేసుకోకండి. అవి ఎవరికైనా కాలు మడతపడితే వాడుకోవడానికి.

నడక వేగానికి నైస్మిత్ సూత్రం అని ఒకటుంది. 1892లో ఒక స్కాట్లండు కొండలాయన పెట్టాడు. గంటకి ఐదు కిలోమీటర్లు, ఎక్కుడు ఉంటే ప్రతి ఆరువందల మీటర్లకీ ఇంకో గంట. ఆయన వెంట మోకాళ్ళ నొప్పుల పిన్నిగార్లు రాలేదు. మనవాళ్ళతో అయితే గంటకి మూడు కిలోమీటర్లు వేసుకోండి, ఫొటోలకి వేరే. ఎడేల్ స్టేషన్లో దిగి, హోలిన్స్ క్రాస్ ఎక్కి, గట్టు వెంట లూజ్ హిల్ మీదుగా హోప్ స్టేషన్లో తేలడం నాకు బాగా నచ్చిన శీతాకాలపు దారి. రైల్లో వెళ్ళి రైల్లో రావచ్చు, కారు కోసం వెనక్కి నడవక్కర్లేదు. దాన్లో ఒక్కటే కఠిన నియమం: పన్నెండుకల్లా హోలిన్స్ క్రాస్ దాటకపోతే లూజ్ హిల్ మాట మరిచిపోయి, అక్కడినుంచే కాసిల్టన్ ఊళ్ళోకి దిగిపోవడం. దీన్నే ఎస్కేప్ రూట్ అంటాం. ఎడేల్‌కి సొంత చర్చి లేని రోజుల్లో శవపేటికల్ని ఆ దారినే మోసుకెళ్ళేవాళ్ళు. ఈ మాట దిగేటప్పుడు చెప్పండి, ఎక్కేటప్పుడు చెప్పొద్దు.

మ్యాపు సంగతి. ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపుల్లో మనకి కావాల్సింది నారింజరంగు అట్ట ఎక్స్‌ప్లోరర్, 1:25,000 స్కేలుది. గులాబీరంగు అట్టది కూడా ఉంటుంది, చవగ్గా ఎక్కువ ప్రాంతం వస్తుందని కొత్తవాళ్ళు అది కొంటారు. దాన్లో పొలం గోడలుండవు. నారింజ మ్యాపులో ప్రతి గోడకీ ఒక సన్నటి నల్లగీత ఉంటుంది. పొగమంచు పట్టినప్పుడు మనల్ని ఇంటికి చేర్చేవి ఆ గీతలే. ఒక గోడని చెయ్యిపట్టుకున్నట్టు ఆనుకుని నడిస్తే అది హ్యాండ్‌రెయిల్. ఇది దాటితే ఎక్కువ దూరం వచ్చేశామని చెప్పే వాగో రోడ్డో క్యాచింగ్ ఫీచర్. ఈ రెండూ చూసుకోకుండా నేను స్టేషన్లో కాలు బయట పెట్టను.

గోడలు కూడా లేని చోటు కిండర్ పీఠభూమి. నల్లటి పీట్ నేల, అంతటా ఒకటే రూపు. ఒక ఫిబ్రవరిలో పోస్టావిడ నన్ను ఎడేల్ రాక్స్ దగ్గర నిలబెట్టింది. ‘కిండర్ లో’ అనే గుట్ట మీద సర్వేవాళ్ళ ట్రిగ్ పిల్లర్ దాకా తీసుకెళ్ళమంది. అర కిలోమీటరు కూడా ఉండదు, కానీ చాచిన చెయ్యి తప్ప ఏమీ కనపడని రోజు. కంపాస్ మీద దిశ పెట్టుకున్నాను. జోడడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కుడికాలు పడ్డప్పుడల్లా ఒకటి. వంద మీటర్లకి పొడుగు మనుషులకి అరవైనాలుగు పడతాయంటారు, నా పొట్టి కాళ్ళకి డెబ్బై పైచిలుకు. ప్రతి వంద మీటర్లకీ ఒక గులకరాయి ఎడమ జేబులోంచి కుడి జేబులోకి. మధ్యలో ఆవిడ వాతావరణం గురించి ఏదో అడిగింది, కావాలనే. నేను పలకలేదు. నాలుగో రాయి జేబులో పడ్డాక ఇంకో ముప్ఫై అడుగులకి నా చేతికర్ర ఠంగున ఒక బండకి తగిలింది. తలెత్తితే బండ మీద స్తంభం. ఆవిడ మెచ్చుకోలేదు. ఫ్లాస్కు తీసి, మొదటి కప్పు నాకిచ్చింది. ఎప్పుడూ మొదటి కప్పు ఆవిడదే.

ఇప్పుడు నా వెనక నడిచే కుర్రాడు వరంగల్ వాడు, ఇక్కడ ఎమ్మెస్సీ చదువుతున్నాడు. బ్యాక్ మార్కర్‌గా పెట్టుకున్నాను. అంటే గుంపుకి తోక. వాడి వెనక ఎవరూ మిగలకూడదు. మొదట్లో వాడు, "అక్కా, మ్యాప్ ఎందుకు, ఫోన్ల అంత ఉన్నది గదా" అనేవాడు. నేను వాదించలేదు. ఒక జనవరిలో మామ్ టార్ కొండ మీద వీడియోలు తీసి తీసి, ముప్ఫై శాతం చార్జి ఉన్న ఫోను వాడి చేతిలోనే ఆరిపోయింది. గడ్డకట్టే చలికి బ్యాటరీ ఉన్నట్టుండి చచ్చిపోతుంది. ఫోనుని లోపలి చొక్కా జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోవాలి. పైన వేరేగా హెడ్‌టార్చ్, దానికి వేరే బ్యాటరీలు, ఒక ఈల. నిమిషంలో ఆరు ఈలలు, నిమిషం విరామం, మళ్ళీ ఆరు: సాయం కావాలని అర్థం. మూడు ఈలలు తిరిగి వినిపిస్తే విన్నారని. ఫోను పనిచేస్తే 999కి కొట్టి ముందు పోలీసు, తరవాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. వచ్చేవాళ్ళంతా వాలంటీర్లు. డబ్బు తీసుకోరు. ఊళ్ళో వాళ్ళ డబ్బా కనిపిస్తే చిల్లర వేయకుండా ముందుకు పోకండి.

బట్టల దగ్గర మనవాళ్ళతో రోజూ పోరాటమే. జీన్సు వద్దు, నూలు మేజోళ్ళు వద్దు, లోపల నూలు బనీను అసలు వద్దు. నూలు తడిస్తే ఆరదు, ఒంట్లో వేడంతా లాగేస్తుంది. ఉన్ని వేసుకోండి. మన ఊలు స్వెట్టరూ, అందరూ నవ్వుకునే ఆ మంకీ క్యాపూ ఉన్నాయే, వాటిని నేను మనసారా సమర్థిస్తాను. మామ్ టార్ మీద ఈదురుగాలికి చెవులు పడిపోతున్నప్పుడు, వందల పౌండ్ల జాకెట్టు వేసుకున్న కొడుకు, మంకీ క్యాపులో హాయిగా ఉన్న తండ్రి వంక ఈర్ష్యగా చూడటం నేను చాలాసార్లు చూశాను.

బురద మాత్రం నా సొంత రాజ్యం. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నవాడు ఇంగ్లండులో చలికాలం నడవలేడు. తొక్కాల్సిందే. పట్టణం వాళ్ళు బురద కనపడగానే పక్కనుంచి పోతారు. వెనకొచ్చేవాడు ఇంకా పక్కనుంచి. వసంతం వచ్చేసరికి అడుగు వెడల్పు దారి బండి బాటవుతుంది, రైతు గోధుమ మొలక పోతుంది. మధ్యలోంచి నడవండి, బూట్ల పైన కట్టుకునే గేటర్లు వేసుకోండి. మడమ ముందు దించకుండా పాదమంతా ఒకేసారి ఆనించాలి, బొటనవేలితో నేలని పట్టుకోవాలి. వరిగట్ల మీద క్యారేజీ పట్టుకుని నడిచినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. గట్టి నేలే ప్రమాదం. పెన్నైన్ వే అనే కాలిదారి మీద పీట్ కుంగే చోట్ల, మూతపడ్డ బట్టల మిల్లుల నేలపలకల్ని హెలికాప్టర్లలో తెచ్చి పరిచారు. మంచు కురిసిన పొద్దున అవి అద్దాలే. చెక్క మెట్ల మీద కోళ్ళ గూటి వల కొట్టి ఉంటే అదృష్టం, దాని మీదే కాలు పెట్టండి.

మనవాళ్ళు ముందు జంకేది బురదకి కాదు, ఇంకొకళ్ళ పొలానికి. పల్నాడు నుంచి వచ్చిన ఒక మామయ్యగారు రైతు పెరటి గేటు ముందు ఆగిపోయారు. "అమ్మా, ఈళ్ళింట్లోంచి పోతే కర్ర పట్టుకొని రారా?" రారు. తెగి తెగి సాగే ఆకుపచ్చ గీత మ్యాపులో ఉంటే, కొయ్య మీద పసుపు బాణం ఉంటే, అది ప్రజల దారి. పెరట్లోంచి పోయినా సరే. చేనుకి అడ్డంగా పోయే దారిని రైతు దున్నుకోవచ్చు గానీ పధ్నాలుగు రోజుల్లో మళ్ళీ సరిచేసి, కనీసం మీటరు వెడల్పు చూపించాలని చట్టం. దారుల్లేని బీడుకొండల మీద తిరిగే హక్కు మాత్రం తేలిగ్గా రాలేదు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందల మంది, వేటకోసం మూసిపెట్టిన కిండర్ స్కౌట్ మీదికి కావాలనే ఎక్కారు. వాళ్ళని నడిపిన బెన్నీ రోత్‌మన్‌కి ఇరవయ్యేళ్ళు. ఐదుగురు జైలుకెళ్ళారు. 1949లో నేషనల్ పార్కుల చట్టం, 1951లో మొదటి పార్కుగా ఈ పీక్ డిస్ట్రిక్టే, 2000లో తిరిగే హక్కుకి చట్టం. ఇదంతా విని మామయ్యగారు గేటు తీశారు, దాటాక గొళ్ళెం వేసి రెండుసార్లు లాగి చూశారు. రైతు బిడ్డ.

పీక్ డిస్ట్రిక్ట్‌లోనే వైట్ పీక్ వైపు స్క్వీజ్ స్టైల్ అని ఒకటుంటుంది. గోడలో రెండు నిలువు రాళ్ళ మధ్య సందు; మనిషి కాళ్ళు పడతాయి, గొర్రె పట్టదు. విజయవాడ బాబాయిగారొకరు డౌన్ జాకెట్టు కింద పాస్‌పోర్టుల సంచీ నడుముకి కట్టుకుని దాన్లో దిగారు. ముందుకీ పోరు, వెనక్కీ రారు. అవతల గొర్రెలు మేత ఆపి చూస్తున్నాయి. "సంక్రాంతికి అరిసెలు తగ్గించండంటే విన్నారా?" అని పిన్నిగారు వెనకనుంచి. పోస్టావిడ నేర్పిన కిటుకు ఉంది: బ్యాగు తీసి ముందు పంపాలి, పక్కకి తిరగాలి, రెండు చేతులూ రాళ్ళ తలల మీద ఆనించి ఒంటిని బెత్తెడు పైకి లేపాలి. సందు పైకి వెళ్ళేకొద్దీ వెడల్పు. సంచీ ఊడదీయడానికి ఆయన ఒప్పుకునేసరికి పది నిమిషాలు. కవరు వెనక లెక్కలో ఇలాంటి వాటికోసం నేను విడిగా పావుగంట వేస్తాను.

గొర్రెల పాఠం మాత్రం ఒక రైతు దగ్గర నేర్చుకున్నాను. నవంబరులో ఆడగొర్రెల పిరుదుల మీద నీలమో, ఎరుపో, ఆకుపచ్చో మరక కనిపిస్తుంది. అనంతపురం పెద్దాయనొకరు "హోళీ ఆడారా యేం?" అన్నారు. పొట్టేలు రొమ్ముకి తోలుపట్టీ కట్టి రంగుకడ్డీ బిగిస్తారు. అది ఎక్కిన గొర్రెకల్లా గుర్తు పడుతుంది. పదహారు, పదిహేడు రోజులకి కడ్డీ రంగు మారుస్తారు. ఒక గొర్రె మీద రెండో రంగు కూడా పడిందంటే మొదటిసారి నిలవలేదన్నమాట. రంగుని బట్టి ఏది ముందు ఈనుతుందో, ఏది వెనకో ఐదు నెలల ముందే రైతుకి తెలుస్తుంది. ఆ పెద్దాయన ఇది విని, మంద మొత్తాన్ని తేరిపార చూసి, "ఆ మూలదానికి రంగే లేదమ్మా, అమ్మేస్తారు దాన్ని" అన్నారు. అలాంటి గుంపు దొరికితే నా పని సగం వాళ్ళే చేసేస్తారు. గ్లాస్టర్‌షైర్ వైపు తీసుకెళ్ళినప్పుడు నూజివీడు తోటల ఆయన, ఆకులు రాలిన ఆపిల్ కొమ్మల్లో పచ్చటి గుబుర్లు చూసి "బదనిక! కొట్టించరా?" అని కంగారుపడ్డారు. అదే తరహా మొక్క, మిజిల్‌టో. ఇక్కడ క్రిస్మస్‌కి కోసి, అమ్మి, గుమ్మానికి కట్టుకుంటారంటే ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

నడక వీలైనంతవరకు ఆదివారమే పెట్టండి. అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా ఫెజెంట్ పక్షుల వేట. ఆదివారాలూ క్రిస్మస్ రోజూ మాత్రం వేట లేదు. శనివారమైతే అడవి అంచున తుపాకులవాళ్ళు వరసగా కనిపిస్తే ఆగి, చెయ్యెత్తి, వాళ్ళు సైగ చేసేదాకా కదలకండి.

భోజనం పబ్బులో అనుకుంటే ముందురోజే ఫోను చెయ్యాలి. చలికాలంలో పల్లె పబ్బులు సోమ, మంగళవారాలు మూసేయొచ్చు, వంటగది రెండుకే కట్టేయొచ్చు. శాకాహారులుంటే చిప్స్ ఏ నూనెలో వేయిస్తారో అడగండి. ఉత్తరాన కొన్నిచోట్ల ఇప్పటికీ గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు. తిన్నాక తెలిస్తే మీ మీద నమ్మకం పోతుంది. బూట్లు గుమ్మం బయటే విప్పించండి. పబ్బు మూసి ఉంటే చర్చి వసారా ఉంది, రాతి బెంచీలుంటాయి, గాలి కొట్టదు. చిపింగ్ క్యాంప్‌డెన్‌లో అయితే 1627లో కట్టిన మార్కెట్ హాలు ఉంది. ఉన్ని సంత అని చాలామంది చెబుతారు, అది వెన్న, జున్ను, కోళ్ళు అమ్ముకోవడానికి కట్టింది. నేను మిరియాల చారు ఫ్లాస్కులో పోసుకెళ్తాను. పులిహోర వద్దు, సున్నా డిగ్రీల్లో అది అటుకుల కన్నా గట్టిపడుతుంది.

ఇక చేసిన కష్టానికి ఫలితం ఎప్పుడుంటుందో చెప్పలేం. గాలి లేని, చలి ముదిరిన పొద్దున మామ్ టార్ ఎక్కితే ఒక్కోసారి మంచంతా లోయలోనే ఉండిపోతుంది. కింద హోప్ లోయ నిండా పాలు పొంగినట్టు తెలుపు, మధ్యలో సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం ఒక్కటే పైకి, మన నెత్తిన ఎండ. 517 మీటర్ల కొండకి ఇంత సంబరమా అనిపిస్తుంది. దీన్ని ముందే మాట ఇవ్వకండి. మాట ఇచ్చినవాళ్ళకి ఎప్పుడూ వానే పడింది.

ఇంటికొచ్చాక పని అయిపోలేదు. అందరూ చేరారో లేదో మెసేజీలు చూసుకోవాలి. కవరు వెనక రాసిన టైముల పక్కన అసలు టైములు రాయాలి, ఏ గేటు విరిగిందో కౌన్సిల్‌కి చెప్పాలి. బూట్లకి బురద ఉండగానే బ్రష్షు కొట్టి, చన్నీళ్ళతో కడిగి, లోపలి అట్టలు తీసి, పాత పేపర్లు ఉండచుట్టి కుక్కండి, రెండు గంటలకోసారి మార్చండి. రేడియేటరు మీద పెట్టొద్దు, తోలు పగులుతుంది, అతుకు ఊడుతుంది. మా తమ్ముడు పచ్చళ్ళ సీసాలకి చుట్టి పంపే మన దినపత్రికలు ఈ పనికి భేషుగ్గా ఉంటాయి.